పోగును విడదీసి చూసిన జీన్ హాన్సన్

కండరం ఎలా ముడుచుకుంటుందన్న ప్రశ్నకు ఉన్నంత సుదీర్ఘ చరిత్ర జీవశాస్త్రంలో బహుకొద్ది ప్రశ్నలకే ఉంది. 17వ శతాబ్దంలో హాలండ్‌కు చెందిన లీవెన్‌హుక్ తాను స్వయంగా సానబట్టిన కటకాలతో కండరపు తంతువులపై అడ్డచారలను గుర్తించాడు. 1840లో లండన్ వైద్యుడు విలియం బౌమన్ ఆ చారలను శ్రద్ధగా గీసి వర్ణించాడు. ఆ తర్వాత మరో వందేళ్లకు పైగా యూరప్‌లోని ప్రయోగశాలల్లో ఎందరో వాటిని చూస్తూనే ఉన్నా, కండరం ముడుచుకునేటప్పుడు ఆ చారల లోపల నిజంగా ఏం జరుగుతుందో అందరూ ఒప్పుకునేలా చెప్పగలిగిన వారు లేకపోయారు. 1954 మే నెలలో ‘నేచర్’ పత్రికలో పక్కపక్కనే వెలువడిన రెండు చిన్న వ్యాసాలతో ఆ స్థితి మారింది. రెండో వ్యాసాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు ఎమెలిన్ జీన్ హాన్సన్ అనే ఆంగ్ల జంతుశాస్త్రవేత్త. ఆ వ్యాసాలు ముందుకు తెచ్చిన జారే పోచల సిద్ధాంతం అన్న మాట వినగానే శాస్త్ర ప్రపంచంలో చాలామందికి హక్స్‌లీ అన్న ఇంటిపేరే ముందు గుర్తుకొస్తుంది. కానీ ఆ సిద్ధాంతానికి కంటికి కనిపించే ఆధారాన్ని ఇచ్చిన పద్ధతి, అంటే కండరాన్ని సన్నని పోగులుగా విడదీసి, ఆ పోగును పనిచేస్తుండగానే సూక్ష్మదర్శిని కింద చూడడం, సహ రచయిత హ్యూ హక్స్‌లీని కలవక ముందే హాన్సన్ చేతుల్లో రూపు దిద్దుకుంది. ఆమె జీవితాన్నీ కృషినీ పరిశీలించేటప్పుడు అన్నిటికన్నా ముందు గుర్తించవలసింది ఈ విషయాన్నే.

ఆ పద్ధతి విలువ అర్థం కావాలంటే కండరపు అల్లికను కొంత వివరంగా తెలుసుకోవాలి. ఎముకలను కదిలించే కండరం సన్నని తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువూ ఒక పొడవాటి కణం, దాని మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు లేదా అంతకన్నా తక్కువ. తంతువు లోపల నిలువుగా వందల సంఖ్యలో మరింత సన్నని పోగులు ఉంటాయి. వీటినే మయోఫైబ్రిల్స్ అంటారు, వీటి మందం ఒకటి రెండు మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. పోగు పొడవునా ముదురు పట్టీ, లేత పట్టీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ముదురు దానిని ఎ-పట్టీ అని, లేత దానిని ఐ-పట్టీ అని పిలుస్తారు. లేత పట్టీని సరిగ్గా మధ్యలో చీలుస్తూ జడ్ గీత ఉంటుంది. ముదురు పట్టీ నడుమ కాస్త వెలిసినట్టు కనిపించే భాగాన్ని హెచ్ మండలం అంటారు. ఒక జడ్ గీత నుంచి తర్వాతి జడ్ గీత వరకు ఉన్న ముక్క పేరు సార్కోమియర్. విశ్రాంతిలో ఉన్న కండరంలో దాని పొడవు రెండు నుంచి రెండున్నర మైక్రోమీటర్ల దాకా ఉంటుంది. కండరం చేసే పనికి అదే మూల ఘటకం. పోగు లోపల ఇంకా సన్నని పోచలు ఉంటాయని, వాటిలో మయోసిన్ అనే ప్రోటీన్‌తో కట్టినవి లావుగానూ, ఆక్టిన్ అనే ప్రోటీన్‌తో కట్టినవి సన్నగానూ ఉంటాయని నేడు ఇంటర్మీడియట్ విద్యార్థులు సైతం చదువుకుంటున్నారు. 1950 నాటికి ఈ విషయం ఎవరికీ స్పష్టంగా తెలియదు.

అప్పటికి తెలిసింది ఎక్కువగా రసాయనశాస్త్రం. 1864లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనే కండరం నుంచి ఉప్పునీటితో ఒక ప్రోటీన్‌ను పిండి, దానికి మయోసిన్ అని పేరు పెట్టాడు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుందన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఆ రంగంలో చేసిన కృషికే ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మెయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి లభించింది. ఆ అభిప్రాయం కూలడానికి కారణమైన పరిశోధనలలో ఒక దానిలో తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో పుట్టి హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద పనిచేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి రక్తంలోనూ కణజాలాల్లోనూ భాస్వరాన్ని కొలిచే సున్నితమైన పద్ధతిని రూపొందించి, దాని సాయంతో 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. అదే సమయంలో లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగ్లెటన్ దంపతులు కూడా స్వతంత్రంగా దానిని గుర్తించి ఫాస్ఫాజెన్ అని పేరుపెట్టారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావు ఎవరికి వారుగా అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏటీపీని, కనుగొన్నారు. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ అయోడోఎసిటిక్ ఆమ్లంతో విషపూరితం చేసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం ఏమాత్రం తయారు కాకపోయినా కొంతసేపు సంకోచం సాగుతుందని, ఆ మేరకు ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుందని చూపడంతో, కండరానికి ఇంధనం లాక్టిక్ ఆమ్లం కాదని తేలిపోయింది.

ఈ రసాయన చరిత్రలో స్త్రీల పాత్ర చిన్నదేమీ కాదు, కానీ చాలాకాలం అది భర్తల పేర్ల నీడలోనో, సహ రచయితల జాబితాలోనో ఉండిపోయింది. 1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్‌తో కలిసి మిలిత్సా లుబిమోవా, కండరానికి ఆకారాన్నిచ్చే ప్రోటీన్ అనుకున్న మయోసినే ఏటీపీని విడగొట్టే ఎంజైమ్ కూడా అని నిరూపించారు. అప్పటి దాకా నిర్మాణం వేరు, ఇంధనం వేరు అనుకుంటున్న శాస్త్రవేత్తలకు ఈ రెండూ ఒకే అణువులో కలుస్తాయన్న సంగతి కొత్త దారి చూపింది. కేంబ్రిడ్జ్‌లో డొరొతీ నీధమ్ తన సహచరులతో కలిసి 1941లో మయోసిన్ ద్రావణానికి ఏటీపీ చేరిస్తే ఆ ద్రావణపు కాంతి గుణాలు మారుతాయని చూపారు. ఆమె 1948లో రాయల్ సొసైటీ సభ్యురాలయ్యారు, కండర జీవరసాయన చరిత్రను ‘మెకినా కార్నిస్’ అనే బృహద్గ్రంథంగా 1971లో ప్రచురించారు. అయినా జీవితంలో అధిక భాగం స్థిరమైన విశ్వవిద్యాలయ పదవి లేకుండా, ఒక గ్రాంటు ముగిసి మరొకటి దొరికే వరకు ఎదురుచూస్తూ పనిచేయవలసి వచ్చింది. ఒక శాస్త్రం చరిత్ర రాయగలిగినంత పట్టు ఉన్న వ్యక్తికి ఆ శాస్త్రంలో స్థిరమైన కుర్చీ దొరకకపోవడం ఆ కాలపు విశ్వవిద్యాలయ వ్యవస్థ మీద మచ్చగానే మిగిలింది. హాన్సన్ ఈ రంగంలోకి వచ్చేనాటికి దారి కొంత సుగమమైందంటే అది ఇలాంటి వారి ఓర్పు వల్లనే.

జీన్ హాన్సన్ 1919 నవంబరు 14న ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో న్యూహాల్ అనే ఊళ్లో జన్మించారు. ఆమె పసితనంలోనే తండ్రి మరణించగా, ఉపాధ్యాయురాలైన తల్లి ఆమెను పెంచి, బర్టన్‌లోని బాలికల ఉన్నత పాఠశాలలో చదివించారు. అక్కడి నుంచి ఆమె లండన్ విశ్వవిద్యాలయంలోని బెడ్‌ఫర్డ్ కళాశాలలో చేరి, 1941లో జంతుశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో పట్టభద్రులయ్యారు. 1849లో స్థాపితమైన బెడ్‌ఫర్డ్, బ్రిటన్‌లో స్త్రీల ఉన్నత విద్య కోసం ఏర్పడిన తొలి కళాశాల. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బాంబు దాడుల భయంతో కళాశాలను కేంబ్రిడ్జ్‌కు తరలించడం వల్ల హాన్సన్ కూడా అక్కడి స్ట్రేంజ్‌వేస్ ప్రయోగశాలతో పరిచయం పెంచుకున్నారు. ఆనర్ ఫెల్ అనే మరో మహిళా శాస్త్రవేత్త నడుపుతున్న ఆ సంస్థ, శరీరం నుంచి తీసిన కణజాలాన్ని గాజుపాత్రలో బతికించి పెంచే పనికి పేరుపొందింది. అక్కడ ఎలుకల చర్మకణాల పెరుగుదల మీద పనిచేసిన హాన్సన్‌కు కణజాలాన్ని నొప్పించకుండా విడదీయడం, పరిసరాలను మార్చి దాని ప్రతిస్పందనను చూడడం అలవడ్డాయి. డాక్టరేటు కోసం ఆమె ఎంచుకున్న అంశం మాత్రం వేరు: వానపాములు, జలగలు చేరిన అనెలిడా వర్గపు జీవుల రక్తనాళ వ్యవస్థ. యుద్ధం వల్ల, ఆ తర్వాత బెడ్‌ఫర్డ్‌లో బోధన బాధ్యతల వల్ల ఆ పని సాగి సాగి 1951లో గానీ పూర్తికాలేదు. జంతువుల శరీర నిర్మాణాన్ని నిశితంగా చూడడం నేర్పిన ఈ చదువు తర్వాతి కాలంలో ఆమెకు ఎంత ఉపకరించిందో, భౌతిక శాస్త్రజ్ఞుల మధ్య ఆమె పనిచేసిన తీరులో స్పష్టంగా కనిపిస్తుంది.

1948లో ఆమె లండన్‌లోని కింగ్స్ కళాశాలలో జాన్ రాండల్ కొత్తగా నెలకొల్పిన జీవభౌతిక పరిశోధన విభాగంలో చేరారు. రాండల్ భౌతిక శాస్త్రవేత్త. యుద్ధకాలంలో హ్యారీ బూట్‌తో కలిసి బర్మింగ్‌హామ్‌లో ఆయన తయారుచేసిన కేవిటీ మాగ్నెట్రాన్ అనే పరికరం రాడార్‌కు ప్రాణం పోసింది. ఆ ప్రతిష్ఠతో వైద్య పరిశోధన మండలి నుంచి నిధులు సంపాదించి, భౌతిక శాస్త్రపు పరికరాలను జీవకణాల మీదికి మళ్లించాలన్న ఆశయంతో ఆయన 1947లో ఈ విభాగాన్ని స్థాపించారు. యుద్ధంలో బాంబు పడి కళాశాల ఆవరణలో ఏర్పడిన పెద్ద గొయ్యి స్థలంలోనే నేలమాళిగ ప్రయోగశాలలు లేచాయి. ఆ విభాగంలో మారిస్ విల్కిన్స్ ఉన్నారు, 1951 నుంచి రెండేళ్లపాటు రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఉన్నారు, స్ట్రేంజ్‌వేస్ నుంచి ఆనర్ ఫెల్ సలహాదారుగా వచ్చి వెళ్లేవారు. డీఎన్‌ఏ నిర్మాణం చుట్టూ రేగిన వివాదం వల్ల ఆ కాలపు కింగ్స్ కళాశాల అనగానే లోకానికి ఒకే కథ గుర్తుకొస్తుంది. అదే కప్పు కింద అదే సంవత్సరాల్లో కండరపు రహస్యం కూడా వీడుతూ వచ్చిందన్న సంగతి దాదాపు మరుగున పడిపోయింది.

భౌతిక శాస్త్రజ్ఞుల గుంపులో జంతుశాస్త్రవేత్తగా తన స్థానాన్ని హాన్సన్ స్వయంగా నిర్ణయించుకున్నారు. పెద్ద పరికరం చేతికివ్వగానే దానితో ఏదో ఒకటి కొలవడం కన్నా, కొలవదగిన వస్తువును ముందు సిద్ధం చేసుకోవాలని ఆమె భావించినట్టు ఆమె ఎంచుకున్న పని చెబుతుంది. అప్పటి వరకు కండరపు చారలను చూసినవారు సాధారణంగా మొత్తం తంతువును సూక్ష్మదర్శిని కింద పెట్టేవారు. తంతువు మందం యాభై మైక్రోమీటర్లో ఇంకా ఎక్కువో ఉండగా, చారల వెడల్పు ఒక మైక్రోమీటరు పరిధిలో ఉంటుంది; అంత మందమైన వస్తువు గుండా వచ్చే కాంతి వంగి, చెదిరి, కటకాన్ని కాస్త పైకీ కిందికీ కదిపితే చాలు ముదురు పట్టీ లేతగానూ లేత పట్టీ ముదురుగానూ తారుమారయ్యే భ్రమను కలిగించేది. వంద సంవత్సరాల వాదోపవాదాలకు మూలం చాలావరకు ఇదే. హాన్సన్ చూపిన పరిష్కారం చెప్పడానికి సులువైనది, చేతితో చేయడానికి ఓపిక కావలసినది: తంతువును కూడా చీల్చి, లోపలి పోగును ఒంటరిగా చూడాలి. పోగు మందం కాంతి తరంగం పొడవుకు రెండు మూడు రెట్లే కాబట్టి ఆ భ్రమలకు తావుండదు. డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికె రూపొందించిన ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని అప్పుడే పరిశోధకుల చేతికి అందుతోంది. రంగు వేయకుండా, చంపకుండా, పారదర్శకమైన వస్తువులోని సాంద్రత తేడాలనే నలుపు తెలుపులుగా మార్చి చూపగల ఆ పరికరం పోగు కోసమే పుట్టినట్టు అమిరింది.

పోగు సిద్ధం చేసే విధానానికి ఆధారం హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ నుంచి వచ్చింది. యుద్ధకాలంలో సెగెడ్‌లోని ఆయన ప్రయోగశాలలోనే ఫెరెంట్స్ స్ట్రౌబ్ 1942లో ఆక్టిన్‌ను కనుగొన్నాడు. తర్వాత అమెరికా చేరిన సెంట్ జ్యోర్జీ, కుందేలు నడుము లోపలి సోయాస్ కండరాన్ని పుల్లకు కట్టి గ్లిజరిన్ కలిపిన నీటిలో చల్లగా నిల్వచేస్తే, కణపు పైపొర దెబ్బతిని లోపలి కరిగే పదార్థాలు బయటికి పోయినా, ముడుచుకునే యంత్రం వారాల తరబడి చెడకుండా ఉంటుందని 1949లో చూపారు. అలాంటి కండరానికి ఏటీపీ తగిలితే అది మళ్లీ ముడుచుకుంటుంది. హాన్సన్ ఆ కండరాన్ని మరలో తిప్పి పోగులుగా విడగొట్టి, ఒక చుక్క ఉప్పు ద్రావణంలో గాజుపలక మీద ఉంచి, పైగాజు అంచు నుంచి ఏటీపీని నెమ్మదిగా లోపలికి పారించి, ఒకే పోగు ముడుచుకుంటుండగా చారలు ఎలా మారుతున్నాయో కళ్లారా చూశారు. ఈ పరిశీలనలను 1952లో ‘నేచర్’లో తన ఒక్కరి పేరుతో ప్రచురించారు. జీవం ఉన్న కండరపు పని, రసాయన శాస్త్రజ్ఞుడి సీసాలోని శుభ్రమైన ద్రావణం, రెండూ ఒకే గాజుపలక మీద కలిసిన ఘట్టం అది. సుబ్బారావు తదితరులు పాతికేళ్ల కిందట కండరం నుంచి వేరుచేసిన పదార్థం ఇప్పుడు అదే కండరపు పోగును కంటి ముందు కదిలించే సాధనమైంది.

1953 ఆరంభంలో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద హాన్సన్ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు, ఫ్రాన్సిస్ ష్మిట్ ప్రయోగశాలకు వెళ్లారు. చార్లెస్ నదికి అవతలి ఒడ్డున బోస్టన్‌లో ఉన్న హార్వర్డ్ వైద్య కళాశాలలోనే ఫిస్క్, సుబ్బారావు తమ పని చేశారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వాడకం నేర్చుకోవడం హాన్సన్ ఉద్దేశం. అదే పని మీద కొన్ని నెలల ముందే అక్కడికి చేరిన మరొకరు హ్యూ హక్స్‌లీ. భౌతిక శాస్త్రం చదివిన హక్స్‌లీ, కేంబ్రిడ్జ్‌లో సజీవమైన కప్ప కండరం మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, కండరంలో రెండు రకాల పోచలు షట్కోణ క్రమంలో అమరి ఉండాలని అంచనా వేశారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కండరపు అడ్డకోత చిత్రాలు తీసి లావు పోచల మధ్య సన్న పోచలు ఇమిడి ఉండడం చూశారు. అడ్డకోతలు ఆయన దగ్గర ఉన్నాయి, నిలువు పోగులు ఆమె దగ్గర ఉన్నాయి. ఒకరి చేతిలోని ఆధారం రెండో వారి చేతిలో లేకపోవడమే ఆ సహకారానికి బలమైంది.

వారు కలిసి చేసిన ప్రయోగాల్లో ముఖ్యమైనది, ఆలోచనలో అతి సూటిగా ఉన్నది. మయోసిన్‌ను మాత్రమే కరిగించే గాఢమైన ఉప్పు ద్రావణాన్ని పోగు మీదుగా పారిస్తే ఏం మిగులుతుంది? ఫేజ్ కాంట్రాస్ట్ కింద వారి కళ్ల ముందే ముదురు పట్టీ వెలిసిపోయింది. జడ్ గీతలూ, వాటికి రెండువైపులా మసకగా సాగిన పదార్థమూ మాత్రం అలాగే నిలిచాయి, ఆ మసక భాగం అంతకు ముందు హెచ్ మండలం ఉన్న అంచు దాకా వచ్చి ఆగింది. దీనిని బట్టి మయోసిన్ ముదురు పట్టీలోనే ఉందని, ఆక్టిన్ జడ్ గీత దగ్గర మొదలై ముదురు పట్టీ లోపలికి చొచ్చుకుపోతుందని, రెండు రకాల పోచలూ ముదురు పట్టీలో ఒకదాని మధ్య ఒకటి దూరి ఉంటాయని వారు తేల్చారు. 1953 సెప్టెంబరులో ‘నేచర్’లో వచ్చిన ఈ వ్యాసంలో హాన్సన్ పేరు ముందు, హక్స్‌లీ పేరు తర్వాత ఉంది. నిర్మాణం గురించి మాత్రమే చెప్పి, కదలిక గురించి తొందరపడి రాయకుండా ఆగడం ఆ వ్యాసంలోని నిగ్రహం.

మిగిలిన ఏడాదంతా ఆ నిగ్రహానికి తగిన ఫలం కోసం సాగిన శ్రమ. పోగులను సాగదీసి, వదులుగా ఉంచి, ఏటీపీతో కొంత కొంతగా ముడుచుకోనిచ్చి, ప్రతి పొడవు దగ్గరా పట్టీలను కొలిచారు. పోగు సాగినా ముడుచుకున్నా ముదురు పట్టీ పొడవు, అంటే సుమారు ఒకటిన్నర మైక్రోమీటర్లు, మారలేదు. మారింది లేత పట్టీ, దానితో పాటు హెచ్ మండలం. సాగదీసినప్పుడు రెండూ విశాలమయ్యాయి. ముడుచుకున్నప్పుడు హెచ్ మండలం మూసుకుపోయింది, లేత పట్టీ కుంచించుకుపోయి, విశ్రాంతి పొడవులో దాదాపు మూడింట రెండు వంతులకు వచ్చేసరికి కనుమరుగైంది. వేరువేరు పొడవుల దగ్గర ఆపిన పోగుల నుంచి మయోసిన్‌ను కరిగించి చూస్తే, ఆక్టిన్ పోచల పొడవు కూడా మారలేదని, కేవలం వాటి కొనలు ముదురు పట్టీ నడిమికి చేరువయ్యాయని కనిపించింది. రెండు రకాల పోచలూ తమ తమ పొడవు మార్చుకోకుండా ఒకదాని పక్కగా ఒకటి జారడమే సంకోచమని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అప్పట్లో మరొకటి లేదు. నేతగత్తె మగ్గం దగ్గర ఒక్కొక్క పోగునూ వేలితో తడిమి అల్లిక తెలుసుకున్నట్టు, హాన్సన్ కండరపు అల్లికను పోగు పోగుగా విప్పి చదివారు.

సరిగ్గా అదే కాలంలో కేంబ్రిడ్జ్‌లో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కెతో కలిసి, తాను స్వయంగా రూపొందించిన ఇంటర్‌ఫియరెన్స్ సూక్ష్మదర్శినితో సజీవమైన కప్ప కండరపు ఒంటి తంతువును గమనించి ఇదే నిర్ణయానికి వచ్చారు. ఇంటిపేరు ఒకటే అయినా హ్యూకూ ఆండ్రూకూ బంధుత్వం లేదు. ఇద్దరూ మాట్లాడుకుని, రెండు బృందాల వ్యాసాలు ఒకే సంచికలో రావాలని నిశ్చయించుకోవడంతో, 1954 మే 22 నాటి ‘నేచర్’లో ఆండ్రూ బృందం వ్యాసం వెంట హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌ల వ్యాసం వచ్చింది. ఈసారి హాన్సన్ పేరు రెండోది. ఒకే ఇంటిపేరు రెండు వ్యాసాలకూ మొదట రావడం వల్ల ఆ తర్వాతి తరాలకు అది హక్స్‌లీల సిద్ధాంతంగా స్థిరపడిపోయింది. సహ రచయితలెవ్వరూ హాన్సన్ పాత్రను తక్కువ చేసిన దాఖలా లేకపోయినా, పేర్ల వరస, ఇంటిపేరు సారూప్యం, ఆమె అకాల మరణం కలిసి ఆమెను పాఠాల్లో వెనక్కి నెట్టాయి.

చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ మరో విషాదకరమైన విశేషం ఉంది. ముదురు పట్టీ పొడవు మారదన్న సంగతి 19వ శతాబ్దం చివరి నాటికే కొందరు జర్మన్ పరిశీలకులకు తెలుసు. కానీ కండరపు పరిశోధన రసాయనశాస్త్రం వైపు మళ్లిన కొద్దీ, కంటితో చూసి గీసిన పాత చిత్రాలు నమ్మదగనివిగా పక్కకు పోయి, ఆ జ్ఞానం అరవై డెబ్బై ఏళ్లపాటు మరపున పడింది. అది తిరిగి దొరకడానికి సూక్ష్మదర్శిని కళనూ జీవరసాయనాన్నీ ఒకే చేతితో పట్టుకోగల వారు కావలసి వచ్చింది. హాన్సన్ సాధన అందుకే కొత్త పరికరం గెలుపుగా కన్నా పాత నైపుణ్యం పునరుద్ధరణగా గుర్తింపు పొందవలసింది.

సిద్ధాంతం వెలువడగానే అందరూ ఒప్పుకోలేదు. పొడవాటి ప్రోటీన్ అణువు స్ప్రింగులా మడతపడి ముడుచుకుంటుందన్న అభిప్రాయానికి అప్పట్లో బలమైన ఆదరణ ఉంది. ఉన్నిలోని ప్రోటీన్ సాగడం, ముడుచుకోవడం గురించి తెలిసిన విషయాలు దానికి దన్నుగా నిలిచాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పనిచేసేవారిలోనూ కొందరు తమ చిత్రాల్లో ఒకే రకం పోచలు కనిపిస్తున్నాయని వాదించారు. 1957లో హ్యూ హక్స్‌లీ అతి పలుచని నిలువుకోతల్లో రెండు రకాల పోచలనూ, వాటిని కలిపే అడ్డ వంతెనలనూ స్పష్టంగా చూపిన తర్వాత సందేహాలు సన్నగిల్లాయి గానీ, పూర్తిగా తీరడానికి మరో దశాబ్దం పట్టింది.

1954లో కింగ్స్ కళాశాలకు తిరిగి వచ్చిన హాన్సన్ అక్కడితో ఆగి ఉంటే కూడా ఆమె పేరు నిలిచేది. కానీ ఆమె మరో ప్రశ్న వేసుకున్నారు: కుందేలు కండరంలో నిజమైనది వానపాము కండరంలోనూ నిజమేనా? డాక్టరేటు రోజుల నుంచి ఆమెకు తెలిసిన జీవులే ఇవి. వెన్నెముక లేని జీవుల కండరాల్లో అడ్డచారలు ఉండకపోవచ్చు, ఏటవాలుగా ఉండవచ్చు, అసలేమీ కనిపించకపోవచ్చు. ఆల్చిప్ప తన రెండు చిప్పలను గంటల తరబడి బిగించి ఉంచగలదు, అయినా అందుకు ఖర్చు చేసే శక్తి స్వల్పం. జాక్ లోవీతో కలిసి ఆమె వానపాము, స్క్విడ్, ఆల్చిప్పల కండరాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, చారలున్నా లేకున్నా అన్నిటిలోనూ లావు పోచలూ సన్న పోచలూ ఉన్నాయని, అవి ఒకదాని పక్కగా ఒకటి జారడమే అన్నిటికీ మూలమని వాదించారు. ఒక ప్రయోగశాల జంతువు మీద దొరికిన ఫలితాన్ని జీవరాశి మొత్తానికి వర్తించే నియమంగా మార్చిన ఈ పని జంతుశాస్త్రవేత్త మాత్రమే తలపెట్టగల పని. హాన్సన్ కృషిలో అందరూ చెప్పే 1954 వ్యాసానికి దీటుగా నిలిచే భాగం ఇదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

1963లో హాన్సన్, లోవీ వెలువరించిన మరో ఫలితం ఆక్టిన్ పోచ నిర్మాణం గురించినది. కండరం నుంచి వేరుచేసిన సన్న పోచలను భారలోహపు లవణంతో చుట్టి, నల్లని నేపథ్యంలో పోచ తెల్లగా కనిపించేలా చేసే నెగెటివ్ స్టెయినింగ్ పద్ధతితో వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, గుండ్రని ఆక్టిన్ అణువులు పూసల్లా గుచ్చుకొని రెండు పేటలుగా ఏర్పడి, ఆ పేటలు తాడు పురిలా ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉండడం కనిపించింది. ఒక మలుపు నుంచి మరో మలుపుకు దూరం సుమారు 35 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ముప్పై వేలవ వంతు కన్నా కాస్త ఎక్కువ. ఆ మెలికల మధ్య ఏర్పడే గాడిలో ట్రోపోమయోసిన్ అనే మరో పొడవాటి ప్రోటీన్ పడుకుని ఉండవచ్చని కూడా వారు సూచించారు. కాల్షియం వచ్చినప్పుడు ఆ ప్రోటీన్ గాడిలో పక్కకు జరిగి మయోసిన్‌కు దారి ఇస్తుందని, అదే కండరాన్ని నడిపించే, ఆపే మీట అని తర్వాతి పరిశోధనలు చూపాయి.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 1966లో కింగ్స్ కళాశాలలో జీవశాస్త్ర ఆచార్య పదవి, 1967లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆమెను వరించాయి. 1970లో కళాశాలలో కండర జీవభౌతిక విభాగానికి ఆమె సంచాలకులయ్యారు. ఇరవై రెండేళ్ల కిందట ఆమె అడుగుపెట్టినప్పుడు అక్కడ కండరం మీద ప్రత్యేక విభాగం అంటూ లేదు. ఆమె కూర్చిన బృందమే విభాగమైంది. ఆమె చుట్టూ ఎక్స్-కిరణాల నిపుణులు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నిపుణులు, జీవరసాయనవేత్తలు చేరి, ఒకే కండరాన్ని మూడు దారుల నుంచి చూసే సంప్రదాయం అక్కడ వేళ్లూనింది. 1972లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో కండర సంకోచం మీద జరిగిన పెద్ద సదస్సు సంపుటిలో వెన్నెముక గల జీవుల ఆక్టిన్ పోచల మీద ఆమె బృందం వ్యాసం ఉంది. మరుసటి ఏడాది, 1973 ఆగస్టు 10న, మెదడుకు సోకిన అరుదైన వ్యాధితో ఆమె లండన్‌లో హఠాత్తుగా మరణించారు. అప్పటికి ఆమె వయసు 53 ఏళ్లు. రాయల్ సొసైటీ కోసం ఆమె జీవిత చరిత్రను రాసింది, ఆమెను కింగ్స్‌కు తీసుకువచ్చిన జాన్ రాండలే.

జారే పోచల సిద్ధాంతానికి ఎన్నడూ నోబెల్ బహుమతి రాలేదు. ఆండ్రూ హక్స్‌లీకి 1963లో వచ్చినది నాడుల మీద చేసిన పనికి. హాన్సన్ పద్ధతి మాత్రం ప్రయోగశాలలను వదిలిపోలేదు. గ్లిజరిన్‌లో నిల్వచేసిన కుందేలు సోయాస్ కండరం ఈనాటికీ కండర పరిశోధకుల చల్లపెట్టెల్లో ఉంటుంది. దాని నుంచి విడదీసిన ఒంటి పోగును రెండు సన్నని గాజు సూదుల మధ్య పట్టి, ఏటీపీ తగలగానే అది ఎంత బలంతో లాగుతుందో నేడు కొలవగలుగుతున్నారు, గుండె జబ్బు రోగుల నుంచి తీసిన కండరం మీద కూడా ఇదే విధంగా పరీక్షలు చేస్తున్నారు. ఆ పోగుల కింద నేటికీ ఫేజ్ కాంట్రాస్ట్ దీపమే వెలుగుతుంది, వాటి మీద ముదురు పట్టీ, లేత పట్టీ 1952లో హాన్సన్ కంటికి కనిపించినట్టే కనిపిస్తాయి.